నూడుల్స్‌కు అమలయ్యే చట్టం మనిషికి అమలు కాదా?

2024 జూన్ 11న డెన్మార్కు ఆహార భద్రతా అధికారులు ఒక ఉత్తర్వు వెలువరించారు. దక్షిణ కొరియాలోని సామ్యాంగ్ సంస్థ తయారుచేసే ‘బుల్డాక్’ నూడుల్స్‌లో మూడు రకాలను దుకాణాల నుండి వెనక్కు రప్పించాలన్నది దాని సారాంశం. కారణం కారం. మిరపలోని కాప్సైసిన్ మోతాదు మించి ఉన్నదనీ, తిన్నవారికి హాని కలుగవచ్చుననీ వారు నిర్ణయించారు. మరుసటి నెలలో పునఃపరిశీలించి రెండు రకాలను తిరిగి అనుమతించారు. మన దేశంలోనూ 2015 జూన్ 5న ఆహార భద్రతా ప్రాధికార సంస్థ మ్యాగీ నూడుల్స్‌ను వెనక్కు తీసుకోవాలని ఆదేశించింది. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. ఆ నిర్ణయాల మంచిచెడులు వేరే విషయం. ప్రభుత్వం తలచుకుంటే ఉత్తర్వు అమలవుతుందన్నదే ఇక్కడ గ్రహించవలసినది.

ఇప్పుడు మరొక ఉత్తర్వును చూద్దాం. 2024 జనవరి 26న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం గాజా ప్రజలకు మానవతా సహాయం అందేలా చూడాలని ఇజ్రాయెల్‌ను ఆదేశించింది. మార్చి 28న ఆహారం, నీరు, ఇంధనం ఆటంకం లేకుండా చేరాలని మరింత స్పష్టంగా చెప్పింది. మే 24న రఫా మీది సైనిక దాడిని ఆపమన్నది. భారతీయ న్యాయమూర్తి దల్వీర్ భండారీ సైతం ఈ ఆదేశాలకు అనుకూలంగా ఓటు వేశారు. ఫలితమేమిటి? 2025 మార్చి 2 నుండి గాజాలోకి సహాయ సామగ్రి ప్రవేశాన్నే ఇజ్రాయెల్ నిలిపివేసింది. ఆగస్టు 22న గాజా గవర్నరేట్‌లో కరువు నెలకొన్నదని ఐక్యరాజ్యసమితి సంస్థలు పాలుపంచుకునే ఐపీసీ వ్యవస్థ ధ్రువీకరించింది.

నూడుల్స్ ప్యాకెట్ ఉడకాలన్నా గిన్నెడు నీళ్లు, కాస్త మంట కావాలి. విద్యుత్తు, ఆహారం, ఇంధనం ఏవీ ఉండవని 2023 అక్టోబరు 9న ఇజ్రాయెల్ రక్షణ మంత్రి యోవావ్ గాలంట్ బహిరంగంగానే ప్రకటించారు. ఆకలిని యుద్ధాయుధంగా వాడటం యుద్ధనేరం. ఆ అభియోగంపైనే 2024 నవంబరు 21న అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఆయనపైనా, ప్రధాని నెతన్యాహుపైనా అరెస్టు వారంట్లు జారీ చేసింది. అదే రోజు హమాస్ నాయకుడు మహమ్మద్ దైఫ్ పైన కూడా వారంటు వెలువడింది. అక్టోబరు 7న సామాన్య పౌరులను చంపడం, బందీలుగా పట్టుకుపోవడం కూడా నేరమే. చట్టం ఇరుపక్షాలకూ వర్తించాలనే మేము కోరుతున్నాము. అయితే 2025 ఏప్రిల్‌లో నెతన్యాహు ఆ న్యాయస్థానపు సభ్యదేశమైన హంగరీకి వెళ్లారు. అరెస్టు మాట అటుంచి, ఆయనకు ఎర్రతివాచీ పరిచారు.

ప్రభుత్వ కార్యాలయాలలో దశాబ్దాలపాటు ఫైళ్లు నడిపిన మాకు తెలిసిన సత్యం ఒకటున్నది. ఎవరు అమలు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, చేయకపోతే బాధ్యులెవరు అన్న మూడు గళ్లు ఖాళీగా ఉన్న ఉత్తర్వు బీరువాలోకే చేరుతుంది. డెన్మార్కు అధికారులు ఆ మూడు గళ్లూ నింపారు. అంతర్జాతీయ న్యాయస్థానపు తీర్పులను అమలు చేయించవలసిన భద్రతా మండలిలో వీటో ఒక్కటి చాలు, మొదటి గడి ఖాళీ అవుతుంది. నేర న్యాయస్థానానికి సొంత పోలీసులు లేరు. కనుక మూడవ గడి సభ్యదేశాల దయపై ఆధారపడి ఉన్నది.

ఇది సముద్రాల అవతలి సంగతేనా? అరకు ఘాట్ రోడ్డులో పర్యాటకులకు వేడివేడి నూడుల్స్ అమ్మే బడ్డీలున్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే వాకపల్లి ఉన్నది. 2007 ఆగస్టు 20న గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఆ ఊరి 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. విచారణ మొదలు కావడానికే పదేళ్లు దాటింది. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు అధికారులు తమ విధిని సరిగా నిర్వర్తించలేదని చెబుతూ బాధితులకు పరిహారం ఇవ్వమన్నది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పుస్తకంలో భద్రంగానే ఉన్నది. గాజా తల్లికి, వాకపల్లి తల్లికి జరిగిన అన్యాయం స్వరూపం వేరు కావచ్చు. ఖాళీగా మిగిలిన గడి మాత్రం ఒక్కటే.

మన దేశానికి జెనీవా ఒప్పందాల చట్టం 1960 నుండి ఉన్నది. విదేశాలలో జరిగిన తీవ్ర ఉల్లంఘనలను సైతం ఇక్కడ శిక్షించవచ్చునని అది చెబుతుంది. కానీ దాని 17వ సెక్షను ప్రకారం ప్రభుత్వం ఫిర్యాదు చేస్తే తప్ప ఏ న్యాయస్థానమూ ఆ కేసును స్వీకరించరాదు. పౌరుడికి తలుపు మూసి తాళంచెవి ప్రభుత్వం తన జేబులో వేసుకున్నది. ఆ ప్రభుత్వమే 2025 జూన్ 12న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో కాల్పుల విరమణ తీర్మానానికి 149 దేశాలు ఓటు వేయగా తటస్థంగా కూర్చున్నది.

అంతర్జాతీయ చట్టం వట్టి బూటకమనీ, దానిని నమ్ముకోవడం వృథా అనీ మన యువకులు అంటున్నారు. వారి ఆగ్రహం న్యాయమైనది, నిర్ణయం సరైనది కాదు. చట్టాన్ని మనం వదిలేస్తే సంతోషించేది దానిని ఉల్లంఘించేవాడే. ఈ కొండల అనుభవమే ఇందుకు సాక్ష్యం. ఆదివాసేతరులకు భూమి బదిలీని నిషేధించిన 1/70 చట్టం ఉండగానే బొర్రా పరిసరాలలో గనుల లీజులు నడిచాయి. సమత సంస్థ న్యాయస్థానాలకు ఎక్కింది. 1997లో సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవన్నది. 2015లో బాక్సైట్ కోసం జీవో 97 వచ్చింది. ఆదివాసీలు ఏళ్ల తరబడి ఉద్యమించారు. 2019లో ఆ జీవో రద్దయింది. ఖాళీ గడిని జనమే నింపారు.

మన ఇళ్లలో కొరియా నూడుల్స్ కొనేముందు పిల్లలు సైతం ప్యాకెట్ తిప్పి హలాల్ ముద్ర వెదుకుతున్నారు. ఇది మంచి అలవాటే. అంతటి శ్రద్ధతో మన పార్లమెంటు సభ్యుని ఓటును, మౌనాన్ని కూడా తిప్పి చూడాలి. 17వ సెక్షనును సవరించి పౌరుడికి ఫిర్యాదు హక్కు ఇస్తారా, ఐక్యరాజ్యసమితిలో తటస్థత వీడాలని ప్రభుత్వాన్ని అడుగుతారా, వాకపల్లి దర్యాప్తును చెడగొట్టినవారిపై చర్య కోరతారా అని ప్రతి జమాత్, ప్రతి మహిళా సంఘం లిఖితపూర్వకంగా ప్రశ్నించాలి. రసీదు తీసుకోవాలి. నెల దాటినా జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మరో లేఖ పంపాలి. ఆ లేఖలపై మన పేర్లతో పాటు ఆదివాసీ సోదరుల పేర్లు కూడా ఉండాలి. మన బాధకు మాత్రమే చట్టం కావాలని అడిగేవారి మాటకు విలువ ఉండదు.