నీడ గల మాట

సామెత యనగా పెద్దలు పలుమారు చెప్పి విసువు పుట్టించు మాట యని కొందరు విద్యార్థులు తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. ఒక జాతి తన యనుభవమును దాచుకొన్న ధాన్యపు గాదె సామెత. ఐర్లండు పల్లెల సామెతలను పరిశీలించినచో ఈ విషయము తేటపడును.

“మనుష్యులు ఒకరి నీడలో నొకరు బ్రదుకుదురు” అని ఐరిష్ భాషలో నొక సామెత కలదు. ఆ దేశపు పడమటి తీరమున గాలివానలు మెండు, నేల రాతినేల. కోతల కాలమునను, వంటచెరకుగా వాడు పీట్ అను మట్టిని త్రవ్వి యెండబెట్టు కాలమునను, ఇరుగుపొరుగువారు కూలి గోరక యొకరి కొకరు తోడ్పడెడివారు. ఈ సాయమునకు ‘మెహల్’ అని పేరు. “కలసినగాని బలము లేదు” అను సామెతకు ఇట్టి బ్రదుకే వ్యాఖ్యానము.

మొదటి సామెతలోని ‘స్కా’ అను పదమునకు నీడ యనియు, ఆశ్రయమనియు రెండర్థములు కలవు. దానిని ఆంగ్లమున ‘షాడో’ అని మార్చినచో చీకటి మిగులును గాని ఆశ్రయము దక్కదు. మన తెలుగు ‘నీడ’కు ఆ రెండర్థములును గలవు. ‘నిలువ నీడ లేదు’ అను పలుకుబడియే యందులకు సాక్ష్యము. కావున భాష క్షీణించినచో సామెతలోని సారమును క్షీణించును.

ఐర్లండులో నట్లే జరిగినది. 1845లో నారంభమైన మహాక్షామమున సుమారు పది లక్షల మంది మరణించిరి. మరి పది లక్షల మంది దేశము విడిచిరి. ఐరిష్ మాటలాడు పేదపల్లెలే మిక్కిలి నష్టపడినవి. మిగిలినదానిని కాపాడుటకు 1935లో ఐరిష్ జానపద సంఘ మేర్పడెను. ఆ సంఘమువారు 1937లో సుమారు 5,000 పాఠశాలల బాలబాలికల కొక పని యొప్పగించిరి. పిల్లలు తాతలను, అవ్వలను అడిగి సామెతలను, కథలను, గృహవైద్యములను వ్రాసి తెచ్చిరి. ఆ వ్రాతలు నేటికిని డబ్లిన్ యూనివర్సిటీ కాలేజియందు భద్రముగా నున్నవి.

సామెత లన్నియు సత్యములే యని నా యభిప్రాయము కాదు. కొన్ని యొకదాని కొకటి విరుద్ధములు. కొన్ని స్త్రీలను, పేదలను కించపరచును. అట్టివానిని విమర్శింపవలసినదే. కాని విమర్శించుటకైనను ముందు తెలిసికొనవలెను గదా!

“పిన్నలను మెచ్చుకొనుడు, వారు వృద్ధిలోనికి వత్తురు” అనునదియు ఐరిష్ సామెతయే. విద్యార్థులారా! మీ యింటి వృద్ధుల సామెతలను వారి నోటి మాటలలోనే వ్రాసికొనుడు. ఏ సందర్భమున వాడుదురో దానిని గూడ వ్రాయుడు. సందర్భము లేని సామెత గింజ లేని పొట్టు వంటిది.