చచ్చినవాడి కోసం ఏడ్చేవాళ్లు

ఈ మధ్య వరసపెట్టి పగ సినిమాలే చూశాను. మనసులో ఎక్కువగా మెదులుతున్నది 2024లో థియేటర్లకొచ్చిన హిందీ ‘కిల్’. కథంతా దాదాపు ఢిల్లీ వెళ్లే రైల్లోనే. ఇరుకు బోగీలు, బెర్తుల మధ్య కత్తులు. రక్తం ఎక్కువే, రెండుసార్లు తల తిప్పుకున్నాను. అయినా దర్శకుడు నిఖిల్ నగేశ్ భట్ చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. ఆ దోపిడీ ముఠాలో చాలామంది ఒకరికొకరు చుట్టాలే. హీరో ఒకణ్ణి చంపితే సొంతవాళ్లు ఆ శవం పక్కన కూలబడి ఏడుస్తారు. మన సినిమాల్లో గాల్లోకి ఎగిరిపడే వందమంది రౌడీల్లో ఒక్కడికైనా ఇంటిదగ్గర ఎదురుచూసే మనిషి ఉన్నట్టు సాధారణంగా చూపించరు. అందుకే ఆ ఫైట్లు హాలు మెట్లు దిగేలోపే మరిచిపోతాం. సుకుమార్ ‘రంగస్థలం’ వేరు. తను చంపదలచుకున్న మనిషికే హీరో చిట్టిబాబు ఓపిగ్గా సేవలు చేసి, అతనికి స్పృహ వచ్చేదాకా ఆగుతాడు. ఆ ఓపికే నన్ను భయపెట్టింది. ఇక ‘మహారాజ’లో సెలూన్‌లో పనిచేసే విజయ్ సేతుపతి చెత్తబుట్ట పోయిందని పోలీస్ స్టేషన్‌కి వెళతాడు. ఈ మూడింట్లో నా ఓటు దానికే. చూడనివాళ్లు కథ ఎవరినీ అడక్కుండా చూడండి.