గిడ్డంగి రసీదు

పచారీ సరకుల గిడ్డంగి యనగా సరకు దాచు చోటు మాత్రమే యని మనవారనేకులు తలంచుచున్నారు. దాచుటకంటె నడపుట ముఖ్యము. పప్పుబస్తాకు నేలతేమ సోకినచో బూజు పట్టును. ముందు వచ్చినది ముందు పోనిచో పురుగు పట్టును. బస్తాలను బల్లలపై నెత్తించి, గోడకు ఎడముగా పేర్పించి, వచ్చిన తేదీ వ్రాయించి, పాతసరకును ముందుగా దుకాణములకు పంపువాడే సమర్థుడు. ధర పెరుగునను నాశతో గుట్టుగా తాళము వేసి కూర్చుండువాడు వర్తకుడు కాడు. 1943 నాటి వంగదేశ క్షామమున లక్షలాది ప్రజలు మడియుటకు గల కారణములలో నిట్టి దాపరికమును ఒకటి.

రైతు నిలువ సంగతి వేరు. కోతకాలమున ధర పడును. అప్పులవాడు ఆగలేక అమ్ముకొనును. 2007 నాటి గిడ్డంగుల చట్టము వానికొక మార్గము చూపినది. ఆ చట్టము క్రింద నమోదైన గిడ్డంగి యిచ్చు రసీదును తాకట్టు పెట్టి, బ్యాంకునందు ఋణము పొంది, మంచి ధరకై కొంతకాలము వేచియుండవచ్చును. 2017 నుండి యీ రసీదులు ఎలక్ట్రానిక్ రూపమున లభించుచున్నవి. ఇది దాపరికము కాదు. రసీదు గల నిలువ లెక్కకు వచ్చును. రసీదు లేని నిలువ చీకటిలో నుండును. భేదమంతయు నిచ్చటనే కలదు.

వర్తకులారా, మీ గిడ్డంగులను నమోదు చేయింపుడు. రైతులారా, రసీదు చేతికి రానిదే బస్తా విడిచిరాకుడు.