రాలని బొచ్చు, ఆగని తుమ్ములు

‘షిట్జుకి బొచ్చు రాలదండీ, ఎలర్జీ ఉన్నవాళ్లు కూడా హాయిగా పెంచుకోవచ్చు.’ కుక్కపిల్లల్ని అమ్మేవాళ్ల దగ్గర ఇంతకు మించిన మంత్రం లేదు. మన అపార్ట్‌మెంట్లలో షిట్జులు, లాసా ఆప్సోలు ఇన్ని కనబడుతున్నాయంటే ఈ మాటకూ అందులో వాటా ఉంది. ఒకప్పుడు బొచ్చుకుక్క అంటే మనకు పొమేరియనే. అది వరండాలో పడుకునేది. ఇప్పటి బొచ్చుకుక్కకు మన దిండు పక్కన చోటు కావాలి.

అమ్మేవాళ్ల మాటలో మొదటి సగం చాలావరకు నిజమే. షిట్జు బొచ్చు మన జుట్టులాగే పెరుగుతూ పోతుంది, రాలడం తక్కువ. రెండో సగానికే ఆధారం లేదు. తుమ్ములు తెప్పించేది వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలో, చర్మం నుంచి రాలే పొట్టులో ఉండే ప్రొటీన్లు. వాటిలో ముఖ్యమైనదాని పేరు క్యాన్ ఎఫ్ 1. కుక్క ఒళ్లు నాక్కున్నప్పుడు అది బొచ్చుకు అంటుకుని, ఎండి, పొడై గాల్లో తేలుతుంది. కుక్కకు గుండు చేయించినా చర్మం ఎక్కడికీ పోదు, నాలుకా ఎక్కడికీ పోదు.

అమెరికాలోని డెట్రాయిట్‌లో కుక్కలున్న 173 ఇళ్ల దుమ్మును పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ‘ఎలర్జీ రాని జాతి’ కుక్క ఉన్న ఇంటికీ, మామూలు కుక్క ఉన్న ఇంటికీ క్యాన్ ఎఫ్ 1లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్ పరిశోధకులు బొచ్చునే పరీక్షిస్తే, అలాంటి జాతుల బొచ్చులోనే అది ఎక్కువగా తేలింది!

అసలు ఈ ప్రచారానికి ఊపిరి పోసిన కథ వింటే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. ఆస్ట్రేలియాలో అంధులకు తోడుగా ఉండే కుక్కల్ని తయారుచేసే సంస్థలో వాలీ కాన్రన్ పనిచేసేవాడు. హవాయిలో చూపులేని ఒకావిడకు కుక్క కావాలి, ఆవిడ భర్తకేమో ఎలర్జీ. 1989లో కాన్రన్ లాబ్రడార్‌ను పూడుల్‌తో కలిపాడు. మూడు పిల్లలు పుట్టాయి. వాటి బొచ్చు, లాలాజలం హవాయికి పంపితే ఆ భర్తకు పడింది ఒక్క పిల్లే. ఒకే తల్లి కడుపున పుట్టిన మూడింటిలో ఒకటి! ఆ ఒక్కటీ పట్టుకుని ప్రపంచం లాబ్రడూడుల్ జాతి మొత్తానికి ముద్ర వేసేసింది. అలాంటి కుక్కల వ్యాపారం చూసి కాన్రనే తర్వాత వాపోయాడు. కాబట్టి చూడాల్సింది జాతిని కాదు, ఆ కుక్కను, మన ఒంటిని.

మా ఇంట్లోనూ షిట్జు ఉంది, నాకూ ఎలర్జీ ఉంది. కనుక పెంచుకోవద్దని చెప్పే హక్కు నాకు లేదు. కానీ పని మాత్రం తప్పదు. దువ్వడం బాల్కనీలో జరగాలి, అదీ ఎలర్జీ లేనివాళ్ల చేత. మా ఆవిడ దాని చెవుల వెనక, చంకల్లో జడలు కట్టిన చిక్కు విడదీస్తుంటే ఎండలో బూడిదరంగు పొడి ఎగరడం స్పష్టంగా కనబడుతుంది. ఆ పొడి ఇంట్లో ఎగరకూడదనే ఈ తంటా అంతా. పడకగదిలోకి కుక్కకు ప్రవేశం లేదు; ఈ ఒక్కదాంట్లో జాలిపడితే మిగతావన్నీ దండగ. పొడి చీపురుతో ఊడిస్తే అడుగున ఉన్నది ముక్కుకెక్కుతుంది, తడిగుడ్డే మేలు. స్నానం చేయిస్తే ఆ ప్రొటీన్ తగ్గుతుంది గానీ నాలుగు రోజుల్లో మళ్లీ మామూలే. హెపా ఫిల్టర్ గాల్లో తేలేదాన్ని పట్టగలదు, సోఫాలో దిగినదాన్ని పట్టలేదు.

తుమ్ము వచ్చిన ప్రతిసారీ సెట్రిజిన్ మింగడం మనకు అలవాటైపోయింది. దీర్ఘకాలం వేధించే ముక్కు దిబ్బడకు డాక్టరు రాసే స్టెరాయిడ్ స్ప్రే మాత్రకంటే బాగా పనిచేస్తుంది. అయితే ముందు ప్రిక్ టెస్టు చేయించుకోవాలి. ముంజేతి మీద చుక్కలు వేసి సూదితో గుచ్చితే పావుగంటలో తేలిపోతుంది. మన ఇళ్లలో చాలామంది తుమ్ములకు మూలం పరుపుల్లోని దుమ్ము పురుగులు, బొద్దింకలు. కుక్క ఉత్తి పుణ్యాన మాట పడుతుంటుంది.

ఛాతీలో పిల్లికూతలు, ఆయాసం ఉన్నవాళ్ల సంగతి వేరు. పరీక్షలో కుక్క పడదని తేలితే ఎంత ముద్దొచ్చినా వాళ్లు తెచ్చుకోకూడదు. తెచ్చాక పంపించేసినా దాని పొట్టు ఇంట్లో నెలల తరబడి ఉంటుంది. పంపించక తప్పని పరిస్థితే వస్తే మరో ఇల్లు వెతికి అప్పగించాలి గానీ రోడ్డు మీద వదలకూడదు. రోజూ దువ్వే చెయ్యి లేకపోతే షిట్జు బొచ్చు జడలు కట్టి, చర్మం పుండ్లు పడుతుంది.

అడ్వాన్సు ఇచ్చేముందు ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని గంటసేపు కూర్చోండి. రెండు మూడు సార్లు వెళ్లండి. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.