హోదా ముందు, వంశం తర్వాత

రాజ్యమేలినవాళ్లు గొప్ప వంశంలో పుట్టారు కాబట్టే ఏలారని మనలో గట్టి నమ్మకం. అందుకే కులసంఘం సభ జరిగితే కాకతీయులు మావాళ్లంటే మావాళ్లని వాదన. అచ్చువేసిన వంశచరిత్ర విప్పితే మొదటి పుటలోనే ఇక్ష్వాకుడు. ఈ నమ్మకం తప్పు. మన శాసనాలే దాన్ని నిలబడనివ్వవు.

1244 నాటి మోటుపల్లి శాసనంలో కాకతీయ రాజు గణపతిదేవుడి వంశం మనువు, ఇక్ష్వాకుడు, రఘువుల మీదుగా దిగివస్తుంది. ఆయన సేనాని మల్యాల గుండన బూతుపూరు శాసనం మాత్రం కాకతీయులను నాలుగో వర్ణం వారంటుంది. ప్రభువును కించపరచాలని ఏ సేనానీ రాతి మీద చెక్కించడు. ఆ మాటలో అప్పటివాళ్లకు చిన్నతనం కనబడలేదన్నమాట. గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ బయ్యారం చెరువు శాసనంలో వెన్నడు, గుండడు, ఎఱ్ఱడు అంటూ తాతముత్తాతల పేర్లు వరసగా చెప్పించింది. మరి రఘువంశం ఎక్కడ అవసరపడింది? తీరం చేజిక్కి, రేవుకొచ్చే దూరదేశపు వర్తకులకు అభయమిచ్చేంత ఎత్తుకు ఎదిగాక. హోదా ముందు వచ్చింది, వంశం తర్వాత వచ్చింది.

ఇది మన దగ్గరి వింత కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1261లో, కాన్‌స్టాంటినోపుల్‌ను తిరిగి గెలిచిన బైజాంటైన్ చక్రవర్తి ఎనిమిదో మైకేల్ తన ఇంటిపేరు పాలియోలోగోస్ ఒక్కటీ చాలదనుకున్నాడు. దూకాస్, ఏంజెలోస్, కొమ్నీనోస్ అనే పాత చక్రవర్తుల ఇంటిపేర్లు కూడా తగిలించుకుని సంతకం చేసేవాడు. ఆ చుట్టరికాలు అబద్ధం కావు, ఆడవాళ్ల వైపు నుంచి వచ్చినవే. కానీ సింహాసనం మాత్రం అసలు వారసుడైన పసివాడి కళ్లు పొడిపించి దక్కించుకున్నది.

మన వేములవాడకే రండి. చాళుక్య అరికేసరి కొలువులో పంపకవి 941లో విక్రమార్జున విజయం ముగించాడు. అందులో అరికేసరే అర్జునుడు. అదే కవి తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గరి కురిక్యాల గుట్ట మీద తన ఇంటివాళ్ల సంగతి చెక్కించాడు. ఊరు వంగిపర్రు, తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె. బ్రాహ్మణ కుటుంబం జైనంలోకి వచ్చింది, అయినా గోత్రం దాచలేదు, తల్లి పేరు వదలలేదు. నా మటుకు నాకు కావ్యంలోని అర్జునుడి కంటే ఈ రాయి మీద గౌరవం ఎక్కువ.

వంశం అనేది ఒకడి మీద ఇంకొకడు ఎక్కి కూర్చోవడానికే కాదని తెలియాలంటే ఆదిలాబాద్ గోండులను చూడాలి. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా వాళ్లు విడిపోయి ఉంటారు. ఎవరికి ఎవరు అన్నదమ్ములు, ఎవరింటి పిల్లను చేసుకోవచ్చు, ఎవరింటి పిల్లను చేసుకోకూడదు అన్నది అక్కడే తేలుతుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం వారి కొత్త కోడళ్లు భేటింగ్ నాడు దేవుడికి పరిచయమవుతారు. ఆ తర్వాతే వాళ్లు వంశపు పూజల్లో పాలుపంచుకుంటారు. బయటి నుంచి వచ్చిన ఆడపిల్లను కలుపుకోవడానికి పనికొచ్చే వంశం అది.

ఆ వరసలన్నీ కిక్రి వాద్యం వాయిస్తూ తరతరాలుగా నోట నిలిపినవాళ్లు ప్రధానులు. మాదిగలకు జాంబపురాణం వినిపించేది డక్కలివారు, పద్మశాలీలకు మార్కండేయుడి కథ చెప్పేది కూనపులివారు. కులాల పుట్టుక చెప్పగలిగిన ఈ మనుషులను మనం ఏం చేశాం? కథ విని, త్యాగం చేతిలో పెట్టి, అడుక్కునేవాళ్లన్నాం. డక్కలివారిని మాదిగవాడలోకి కూడా రానివ్వలేదు, ఊరవతల గుడిసె వేసుకోమన్నారు. పుట్టుకను బట్టే గౌరవం అనే మాట నిజమైతే, అందరి పుట్టుకా తెలిసినవాడికి అందరికంటే ఎక్కువ గౌరవం దక్కాలి. దక్కలేదు. పలుకుబడి ఎవరిదైతే వంశం వాళ్లదైంది, జ్ఞాపకం మోసినవాడికి కూడు దొరకలేదు.

కులసంఘాల పెద్దలారా, రేపు మీరు వేయబోయే పుస్తకం ఇక్ష్వాకుడితో మొదలుపెట్టకండి. పేరు తెలిసిన మొదటి ముత్తవ్వతో మొదలుపెట్టండి, ఆమె ఏ పని చేసి బతికిందో రాయండి. ఆ పేరు మీదాకా తెచ్చిన కథకుడి పేరు కూడా అచ్చువేయండి. ఆవిష్కరణ నాడు ఆయన్ను వేదిక మీద, మీ పక్క కుర్చీలో కూర్చోబెట్టండి.