పనిముట్టునకును పరీక్ష కావలెను

చెప్పిన పనిని తామే చక్కబెట్టు కృత్రిమ మేధా ఏజెంట్లు నేడు వచ్చియున్నవి. అనువాదమున కొకటి, లిపి మార్పున కొకటిగా అవి వేర్వేరు సాఫ్ట్‌వేరు పనిముట్లను వాడును. 2024 నవంబరులో వెలువడిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ పద్ధతిలో ప్రతి పనిముట్టునకును పేరు, వివరణము ఉండును. ఏజెంటు ముఖ్యముగా ఆ వ్రాతను చూచియే పనిముట్టు నెన్నుకొనును. వ్రాత కొరవడిన పని చెడును.

ఇది సోనేపూరునకు దూరపు సంగతి కాదు. మన ఇంట తెలుగు, కచేరీలో ఒడియా. తెలుగున ఎ, ఏలు వేరు. ఒ, ఓలు వేరు. ఒడియా లిపిలో ఆ హ్రస్వములకు ప్రత్యేకాక్షరములు లేవు. 'కొండయ్య' ఒడియాలోనికి పోయి తిరిగి వచ్చునప్పటికి 'కోండయ్య' కావచ్చును. బడి పత్రమున నొక పేరు, కచేరీ పత్రమున వేరొక పేరు పడిన చిక్కు బిడ్డకే. గుమాస్తా సందేహము కలిగిన నడుగును. ఏజెంటు అడుగకయే వ్రాసివేయవచ్చును.

కావున పనిముట్టు చేయగల దానితోపాటు చేయలేనిదియు వివరణమున నుండవలెను. అంతటితో చాలదు, పరీక్షయు కావలెను. ఇది నిపుణుల పని యని కొందరందురు. కాని మన పేర్ల ఉచ్చారణము మనకన్న నెవరికి తెలియును? విద్యార్థులారా! మన యూరి పేర్లు నూరు రెండు లిపులలోను సరిగా వ్రాసి యుంచుడు. పనిముట్టు వ్రాతను వానితో పోల్చి, తప్పులు లెక్కించి, ఆ లెక్కను దాని నిర్మాతలకు పంపుడు.