పోర్టల్ ఉంది, పలికేవారు లేరు

ఈ మధ్య విశ్వవిద్యాలయాల సభల్లో ఒక మాట తెగ చలామణీ అవుతోంది. "అంతా ఆన్‌లైన్ అయిపోయింది, పరిశోధక విద్యార్థి ఇక ఆఫీసు మెట్లెక్కే పనే లేదు" అని. ఆ మాట అనేవారు ఎప్పుడూ వేదిక మీదే ఉంటారు. భుజాన శాలువా, ముందు మంచినీళ్ల సీసా, వెనక గోడంత ఫ్లెక్సీ. కింద కూర్చున్న స్కాలర్లు చప్పట్లు కొడతారు. కొట్టక ఏం చేస్తారు? తమ ఫెలోషిప్ కాగితం మీద సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి కూడా ఆ వేదిక మీదే ఉన్నాడు మరి.

ఈ మాట వెంటే ఇంకో రెండు వస్తాయి. నిజమైన పరిశోధకుడు కాగితాల గోల పట్టించుకోడట. విశ్వవిద్యాలయాల్లో గుమాస్తాలు ఎక్కువయ్యారట, తగ్గిస్తే పరిశోధన దానంతటదే పరుగెడుతుందట. మూడూ కలిపి చూస్తే తేలేది ఒకటే: పరిశోధకుడికి పాలనాపరమైన సాయం అక్కర్లేదు. ఇంత తప్పుడు మాటను ఇంత నిబ్బరంగా చెప్పగలగాలంటే ల్యాబులో అడుగుపెట్టి చాలా ఏళ్లయినా అయివుండాలి, లేదా ఎన్నడూ పెట్టకుండానైనా ఉండాలి.

యూజీసీ ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) సంగతే చూద్దాం. 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్) అయ్యాక 42,000. డబ్బు నేరుగా స్కాలర్ ఖాతాలో పడుతుంది, నిజమే. అయితే ఆ స్కాలర్ పనిచేస్తున్నాడని విశ్వవిద్యాలయం ప్రతి నెలా కెనరా బ్యాంకు పోర్టల్‌లో ధ్రువీకరించాలి. అందుకు ఇద్దరు కావాలి. మేకర్ ఎక్కించాలి, చెకర్ ఆమోదించాలి. గడువు దాటిందా, ఆ నెల సొమ్ము ఆ నెల రాదు. మేకర్ కాంట్రాక్టు ఉద్యోగి అయితే, రెన్యువల్ ఉత్తర్వు రాక ఇంట్లో కూర్చుంటే? ఓటీపీ బదిలీ అయిపోయిన చెకర్ ఫోనుకు పోతే? ఇంటి అద్దె భత్యం కాగితం ఎవరి బల్ల మీద ఆగిందో చెప్పే మనిషే లేకపోతే? పోర్టల్ మాత్రం రాత్రింబగళ్లు వెలుగుతూనే ఉంటుంది. అందులో "పెండింగ్" అనే అక్షరాలు కూడా చక్కగా కనిపిస్తాయి.

మైనారిటీ విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్ స్కాలర్లను అడిగితే ఈ కథ ఇంకా బాగా చెబుతారు. ఆ పథకాన్ని 2022లో ఆపేశారు. అప్పటికే చేరినవారికి ఇస్తూనే ఉంటామన్నారు. పంపిణీ బాధ్యతను యూజీసీ నుంచి తీసి జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థకు అప్పగించారు. 2025లో ఆ స్కాలర్లకు నెలల తరబడి రూపాయి అందలేదు. అంతా ఆన్‌లైనే.

ఇక కొనుగోళ్లు. ఒక ఎంజైమ్ సీసా కావాలి. వేలెడంత ఉంటుంది, మైనస్ 20 డిగ్రీల్లో ఉంచాలి. దానికోసం స్కాలర్ ఇండెంటు రాస్తాడు. సంతకాలు చేయిస్తాడు. అది ప్రభుత్వ ఈ-మార్కెట్ 'జెమ్'లో దొరకదని ఆ జెమ్‌లోంచే ఒక నివేదిక తీస్తాడు. కొటేషన్లు తెప్పిస్తాడు, వాటిని పక్కపక్కన పెట్టి పోలిక పట్టీ కడతాడు. పర్చేజ్ ఆర్డర్ కోసం అకౌంట్స్ సెక్షన్ ముందు నిలబడతాడు. సరుకు నాణ్యమైనదని, ధర సబబేనని తాను స్వయంగా తృప్తిపడ్డానంటూ సాధారణ ఆర్థిక నిబంధనలు కోరే ధ్రువపత్రం మీద గైడ్ సంతకం పెడతారు. చివరికి థర్మోకోల్ పెట్టె శనివారం మధ్యాహ్నం వస్తుంది. స్టోర్సుకు తాళం. పెట్టెలో ఐసు కరుగుతూ ఉంటుంది. స్కాలర్ దాన్ని చంకలో పెట్టుకుని ఫ్రీజరున్న ల్యాబు తాళాల కోసం వెతుక్కుంటాడు. సోమవారం స్టాక్ రిజిస్టర్లో ఎంట్రీ వేయించాలి, బిల్లు వెనక సర్టిఫై చేయించాలి. ఇంతా అయ్యాక ప్రయోగం మొదలవుతుంది. ఇందులో ఏ ఒక్క అడుగూ జీవరసాయన శాస్త్రం కాదు. ప్రతి అడుగూ చేసింది మాత్రం జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లవాడే.

2025 జూన్‌లో కేంద్రం శాస్త్ర పరిశోధన సంస్థలకు కొన్ని సడలింపులు ఇచ్చింది. కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకు, కొనుగోలు కమిటీ పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. మంచిదే. కానీ ఆ ఉత్తర్వు సెక్షన్ బల్ల మీదకు తనంతట తాను నడిచి రాదు. దాన్ని చదివి, తమ సంస్థకు వర్తిస్తుందో లేదో తేల్చి, ఫైలు మీద ధైర్యంగా రాసే మనిషి కావాలి. ఆ మనిషి లేనిచోట ఆడిట్ భయంతో పాత పద్ధతే నడుస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల గొడవ వేరే, వాటి కొనుగోలు నిబంధనల పుస్తకమే వేరు.

నిబంధనలు ఎప్పుడు ఎటు దొర్లుతాయో తెలియని దేశం ఇది. 2024 జూలై బడ్జెట్‌లో ప్రయోగశాల రసాయనాల మీద దిగుమతి సుంకాన్ని 10 శాతం నుంచి 150 శాతానికి పెంచారు. శాస్త్రవేత్తలు గగ్గోలు పెడితే కొద్దిరోజులకే, సొంత వాడకానికి తెచ్చుకునేవారు హామీపత్రం ఇస్తే పాత సుంకమే చాలన్నారు. అంటే ఇంకో కాగితం. అదే ఏడాది పరిశోధన గ్రాంట్ల మీద జీఎస్టీ కట్టాలంటూ ఐఐటీ ఢిల్లీకి 120 కోట్ల నోటీసు వెళ్లింది. సెప్టెంబరులో జీఎస్టీ మండలి మినహాయింపు ఇచ్చాక గానీ ఆ గొడవ సద్దుమణగలేదు. ఐఐటీ ఢిల్లీకి లెక్కల యంత్రాంగం ఉంది, గట్టిగా అడిగే గొంతు ఉంది. అలాంటి నోటీసే ఏ రాయలసీమ విశ్వవిద్యాలయానికో వస్తే, జవాబు రాసేది ఎవరు? పాఠం పక్కనపెట్టి ఏ వృక్షశాస్త్ర ఆచార్యుడో రాయాలా?

పరిశోధన అంటే ఏకాంత తపస్సు అని మనవాళ్లకు ఒక మోజు. పర్ణశాలలో తాటాకుల మధ్య కూర్చున్న మునిని ఊహించుకుంటారు. తెలుగువారు పొద్దున లేస్తే పేరు చెప్పుకునే సి.పి. బ్రౌన్ అలా పనిచేశాడా? కడపలో తన బంగళాలోనే పండితులను పెట్టుకున్నాడు. జూలూరి అప్పయ్య, వైద్యం అద్వైత బ్రహ్మయ్య వంటివారికి జీతాలిచ్చాడు. ప్రతులు సేకరించేవారు, నకళ్లు రాసేవారు, పాఠాలు సరిపోల్చేవారు వేర్వేరుగా ఉండేవారు. సొంత జీతం చాలక అప్పులు చేసి మరీ వారిని పోషించాడు. 1852లో మొదలై వెలువడిన నిఘంటువుల వెనక ఆ సిబ్బంది ఉంది. బ్రౌన్‌కు పోర్టల్ ఇచ్చి పండితులను తీసేసి ఉంటే, వేమన పద్యాలు ఇంకెన్నాళ్లు తాటాకుల్లోనే పడి ఉండేవో!

ఇక్కడ గుమాస్తాల గురించి ఒక మాట చెప్పక తప్పదు. సినిమాలు, కార్టూన్లు, ఆచార్యుల పిచ్చాపాటీ కలిసి ఆ జాతిని విలన్లుగా నిలబెట్టాయి. వారిలో ఫైలు మీద కూర్చుని కదలనివారు ఉన్నారు, చేయి చాపేవారూ ఉన్నారు, ఎవరు కాదన్నారు? కానీ అకౌంట్స్‌లో పాతికేళ్లు పనిచేసిన ఒక సూపరింటెండెంట్‌కు తెలిసిన సంగతులు ఏ వెబ్‌సైట్లోనూ లేవు. రికరింగ్ పద్దులో ఏం కొనవచ్చు, నాన్‌రికరింగ్‌లో ఏది ఆడిట్‌లో పట్టుబడుతుంది, ప్రయాణ పద్దులో మిగిలింది రసాయనాలకు వాడాలంటే ఎవరి అనుమతి ఎప్పుడు అడగాలి, మార్చి 31 లోపు ఏ బిల్లు పాస్ కాకపోతే డబ్బు వెనక్కి పోతుంది, గ్రాంటు మీద వచ్చిన వడ్డీని కేంద్ర సంచిత నిధికి ఎలా జమ చేయాలి, 12-ఏ నమూనాలో వినియోగ ధ్రువపత్రం ఎలా నింపాలి. ఇదంతా విద్యే. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో ఏజెన్సీ పంపిన కుర్రవాడిని కూర్చోబెడతారు. అతనికి నెల నెలా జీతమే సరిగా రాదు. అతను పని నేర్చుకునేలోపు ఏజెన్సీ మారుతుంది. ఒక్క వినియోగ ధ్రువపత్రం ఆలస్యమైతే రెండో విడత గ్రాంటు ఆగుతుంది, ఆ ప్రాజెక్టులో పనిచేసే పిల్లల జీతమూ దాంతోపాటే ఆగుతుంది. గుమాస్తాను తగ్గించి మిగుల్చుకున్నది ఏమిటో ఎవరైనా లెక్కవేసి చెబితే బాగుండు.

ప్రతి విద్యాసంస్థలో రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ సెల్ పెట్టమని యూజీసీ 2022 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. బోర్డులు వెంటనే వచ్చాయి, బోర్డు రాయించడం మనకు బాగా వచ్చిన పని. లోపల చాలాచోట్ల ఒక డైరెక్టరు ఉంటారు. ఆయనకు ఇది అదనపు బాధ్యత. అసలు ఉద్యోగం పాఠం చెప్పడం, దానికితోడు హాస్టల్ వార్డెన్‌గిరీ. సెల్ చేసే పని వర్క్‌షాపులు పెట్టడం. గ్రాంటు ప్రతిపాదన ఎలా రాయాలో రెండు రోజుల శిక్షణ, జ్యోతి ప్రజ్వలన, సర్టిఫికెట్లు, గ్రూపు ఫొటో. మార్గదర్శనం అంటే ఇదేనట! ప్రతిపాదన రాయడం వచ్చినా, మంజూరైన రోజు నుంచి దాన్ని మోసే నాథుడు లేడు. ఆ మాట ఏ వర్క్‌షాపులోనూ ప్రస్తావనకు రాదు.

అమెరికాలో పరిశోధన పాలకుల జాతీయ మండలి 1959లోనే పుట్టింది. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న తెలుగు పిల్లల్లో చాలామందికి బిల్లు ఫారం ఎలా ఉంటుందో తెలియదు, గ్రాంటు రాకముందు ఒక ఆఫీసు, వచ్చాక ఒక ఆఫీసు చూసుకుంటాయి. అక్కడ అంతా సవ్యమని కాదు. ఫెడరల్ గ్రాంట్లున్న అధ్యాపకులను 2018లో సర్వే చేస్తే, పరిశోధనకు కేటాయించిన సమయంలో 44 శాతానికి పైగా ఇలాంటి పనులకే పోతోందని తేలింది. కనీసం అడిగారు, లెక్క తేల్చారు. మన దగ్గరా ఆలోచన లేకపోలేదు. హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉన్న డీబీటీ-వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ 2018లో పరిశోధన నిర్వహణను వృత్తిగా నిలబెట్టడానికే ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మన ఉపకులపతులు ర్యాంకుల వేటలో ఉన్నారు కాబట్టి అటు చూసే తీరిక లేదు. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుకు ప్రచురణలు, పేటెంట్లు, ప్రాజెక్టుల సొమ్ము లెక్కకొస్తాయి. పరిశోధన విభాగంలో పనితెలిసిన ఉద్యోగులు ఎందరన్నది లెక్కకు రాదు.

దీన్ని చిన్న చిన్న ఇబ్బందుల చిట్టాగా కొట్టిపారేసేవారికి ఒక సంగతి గుర్తుచేయాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న చనిపోయిన రోహిత్ వేముల, తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని, అది 1 లక్షా 75 వేల రూపాయలని చివరి ఉత్తరంలో రాసి వెళ్లాడు. ఆ విషాదానికి కారణాలు చాలా పెద్దవి, వాటిని ఫెలోషిప్‌కు కుదించడం అన్యాయం. కానీ బకాయి బకాయే.

మరి ఏం చేయాలి? విభాగానికొక పరిశోధన అధికారి, రెగ్యులర్ పోస్టులో. కొనుగోలు, లెక్కలు, ఫెలోషిప్, ఎథిక్స్ కమిటీ అనుమతులు తెలిసినవారు. వారికి పదోన్నతులు, శిక్షణ. డబ్బెక్కడిదంటారా? ప్రతి ప్రాజెక్టులోనూ ఓవర్‌హెడ్ పేరుతో విశ్వవిద్యాలయానికి కొంత సొమ్ము వస్తుంది. అది ఇలాంటి సేవల కోసమే. ఎక్కడ ఖర్చవుతోంది? ప్రహరీ గోడలకా, స్నాతకోత్సవాలకా, అతిథిగృహం ఏసీలకా?

అడగవలసింది స్కాలర్లే. మీ విశ్వవిద్యాలయానికి గత ఐదేళ్లలో ఓవర్‌హెడ్‌గా ఎంత వచ్చింది, అందులో పరిశోధన విభాగం సిబ్బంది జీతాలకు ఎంత వెళ్లింది, అక్కడ రెగ్యులర్ ఉద్యోగులు ఎందరు? ఈ మూడు ప్రశ్నలూ ఒకే కాగితం మీద రాసి సమాచార హక్కు చట్టం కింద ఇవ్వండి. రుసుము 10 రూపాయలు. జవాబు చెప్పడానికి వారికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు.